మంచు దారికి లైట్లు బిగించే ముందు: మేనల్లుడికి ఒక లేఖ

విజయవాడ

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నర్సీపట్నం నుంచి చింతపల్లికి తెల్లవారకముందే బండి మీద బయలుదేరుతున్నావనీ, లంబసింగి దగ్గర మంచులో రోడ్డు అంచు కూడా కనిపించడం లేదనీ అక్క ఫోనులో చెప్పింది. బండి ముందు అదనంగా బిగించడానికి నువ్వు కొనాలనుకుంటున్న లైట్ల ఫోటోలు చూశాను. ఏ లైటు కొనాలన్నది తర్వాత మాట్లాడుకుందాం. ఆటోనగర్‌లో నా దగ్గరికి వచ్చే బళ్ళలో లైటు చెడిపోయి వచ్చేవి తక్కువ, లైటు బిగించిన తీరు బాగాలేక వచ్చేవే ఎక్కువ.

కంపెనీ వైరింగును ఎక్కడా కోయవద్దు. బండి వైరింగ్ బండిదిగానే ఉండాలి, నీ లైట్ల వైరింగ్ దాని పక్కన విడిగా సాగాలి. హెడ్‌లైటు వైరు చర్మం ఒలిచి, దానికి ఇంకో వైరు చుట్టి, టేపు వేసి పంపే మెకానిక్ పది నిమిషాల్లో పని ముగిస్తాడు. ఆ తర్వాత ఏదో ఒక వానకు ఆ అతుకు షార్ట్ అయిందంటే బండి మెయిన్ ఫ్యూజే పోతుంది. నీది పెట్రోలును కరెంటుతో చిమ్మే ఇంజెక్షన్ బండి కాబట్టి లైట్లతో పాటు ఇంజనూ ఆగుతుంది, అదీ ఘాట్ మలుపులో, చీకట్లో. విడిగా లాగిన వైరింగులో ఏం జరిగినా పోయేది ఆ రెండు లైట్లే. పైగా కోసిన వైరు చూస్తే వారంటీ వాళ్ళు చేతులెత్తేస్తారు.

ఇక లెక్క. వాట్లను 12తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. పాతకాలపు 55 వాట్ల హాలోజన్లు రెండు పెడితే 110 వాట్లు, అంటే తొమ్మిది ఆంపియర్ల పైనే. నీ 125 సీసీ బండి అంత భారం మోయలేదు, అడగనే వద్దు. రెండూ కలిపి 40 వాట్లు దాటని ఎల్ఈడీలు చాలు, మూడు ఆంపియర్ల చిల్లరతో సరిపోతాయి. అయితే పెట్టె మీద రాసిన వాట్లను నమ్మకు. మల్టీమీటర్‌లో ఎర్ర తీగను 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, మీటరును లైటుతో వరసలో కలిపి చూడు. 60 వాట్లని రాసింది 15 వాట్లే తాగడం నేను చూస్తూనే ఉంటాను. బిగించాక ఇంకో పరీక్ష ఉంది. ఇంజను నడుస్తుండగా, అన్ని లైట్లూ వేసి, బ్యాటరీ దగ్గర వోల్టేజి చూడు. కాస్త రేజు చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. రేజు మీద కూడా 13 దాటకపోతే నీ లైట్లు బ్యాటరీని తినేస్తున్నాయని అర్థం.

మూడు ఆంపియర్లకు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, ఎందుకని అడుగుతావు. నిజమే, మంచి స్విచ్ అంత కరెంటును మోయగలదు. అయినా రిలే పెట్టు. కీ తీస్తే లైట్లు వాటంతట అవే ఆరిపోతాయి, కీ స్విచ్ మీద భారమూ పడదు. రిలే కాళ్ళ మీద అంకెలు ఉంటాయి. 30కి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు మీదుగా వైరు. 87 నుంచి లైట్లకు. కీ వేస్తే కరెంటు వచ్చే వైరును హ్యాండిల్ స్విచ్ మీదుగా 86కు, 85ను ఎర్త్‌కు, అంటే బ్యాటరీ నెగటివ్ వైపుకు. మధ్యలో 87ఏ అనే కాలు ఉంటే దాన్ని ఖాళీగా వదిలెయ్యి, దానికి కలిపితే స్విచ్ ఆపినప్పుడు వెలుగుతాయి.

ఆ కీ వైరు ఎక్కడ తీసుకోవాలన్నది కొంచెం చూసుకోవాలి. కొన్ని బళ్ళలో హెడ్‌లైటు బ్యాటరీ నుంచి కాకుండా ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే మ్యాగ్నెటో నుంచి నేరుగా ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు) మీద వెలుగుతుంది. ఆ వైరును రిలేకు ఇస్తే రిలే దడదడలాడుతుంది. అందుకే ముందు మీటరును డీసీలో పెట్టి 12 చూపిస్తుందో లేదో చూడు. వైరు రంగును బట్టి మాత్రం తీర్మానించకు. హోండా తరహా బళ్ళలో ఆకుపచ్చ ఎర్త్, నలుపు కీ కరెంటు. యమహాలో నలుపే ఎర్త్. రెండు బళ్ళూ ఒకే చేత్తో చేసేవాడు ఇక్కడే ఫ్యూజులు కాలుస్తుంటాడు.

ఫ్యూజు లైటును కాపాడటానికి అనుకుంటారు చాలామంది. అది కాపాడేది వైరును. అందుకే అది బ్యాటరీ పాజిటివ్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. లైటు దగ్గర పెడితే, మధ్యలో ట్యాంకు కింద వైరు ఒరుసుకుని చేసిస్‌కు తగిలినప్పుడు దానికి తెలియనే తెలియదు. నీ లెక్కకు 5 ఆంపియర్ల ఫ్యూజు. అది పోతే 15ది పెట్టి పని కానివ్వమని ఎవరైనా చెబితే వినకు, ఎందుకు పోయిందో వెతుకు. లైట్లకు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల ఆటో కేబుల్ తీసుకో. స్విచ్ వైరు అందులో సగం ఉన్నా చాలు. ఇంట్లో మిగిలిన కరెంటు వైరు వద్దు, అందులో పోగులు తక్కువ, బండి అదురుకు లోపల తెగిపోతాయి.

ఎర్త్‌ను రంగు పూసిన బోల్టుకు కట్టకుండా నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే తెచ్చుకో. లైటు మినుకుమినుకుమంటోందని వచ్చే బళ్ళలో సగానికి సగం ఎర్త్ సరిగా లేనివే.

అతుకుల దగ్గర నాకు పట్టుదల ఎక్కువ, ఏమనుకోకు. అదిరే చోట టంకం వేస్తే, అది ఆగిన చోట వైరు గట్టిపడి విరుగుతుంది. వైరు కొనకు లోహపు క్లిప్పు తొడిగి, మంచి పకడుతో నొక్కి క్రింప్ చేసి, కుంచించుకునే స్లీవ్ తొడుగు. ఒక్కో లైటుకూ ఊడదీసి తగిలించే కప్లర్ ఒకటి పెట్టుకో, రేపు లైటు మార్చాలన్నా కోయక్కర్లేదు. కప్లర్ నోరు కిందికి ఉండాలి. దాని ముందు వైరును కాస్త వేలాడేలా వంచితే నీళ్ళు ఆ వంపు దగ్గరే బొట్లుగా కారిపోతాయి. హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పి చూసి, వైరు ఎక్కడా బిగుసుకోకుండా వదులు ఉంచాకే ట్యాగులు బిగించు.

ఇండికేటర్లు కూడా ఎల్ఈడీకి మారుస్తానన్నావు. నన్నడిగితే పాత బల్బులే ఉంచు. చవక ఎల్ఈడీ ఇండికేటర్ ఎండలో వెనక లారీవాడికి కనిపించదు. మార్చి తీరాలంటే ఒకటి తెలుసుకో, అవి వెంటనే గబగబా కొట్టుకోవడం మొదలుపెడతాయి. 10 వాట్ల బల్బులు రెండు తాగాల్సిన కరెంటు కనబడక, ఇండికేటర్లను ఆర్పి వెలిగించే ఫ్లాషర్ ఒక బల్బు పోయిందనుకుంటుంది. నిమిషానికి 60 నుంచి 120 సార్లు వెలగడం సరైన వేగం. దీనికి మందుగా, పాత బల్బులా కరెంటు తాగే లోడు రెసిస్టర్ అంటగడతారు, తీసుకోకు. 10 ఓమ్‌ల రెసిస్టర్ వెలిగినంతసేపూ 18 వాట్ల వేడి కక్కుతుంది, పక్కనున్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఎల్ఈడీలకు పనికొచ్చే ఫ్లాషర్ కొను. దాని మీద బీ, ఎల్, ఈ అని ఉంటుంది. బీకి కీ కరెంటు, ఎల్ నుంచి ఇండికేటర్ స్విచ్‌కు, ఈ ఎర్త్‌కు. కొన్ని కొత్త బళ్ళలో ఫ్లాషర్ విడిగా ఉండదు. నీదీ అలాంటిదైతే ఆ ఆలోచన అక్కడితో మానుకో.

ఇంకో చిక్కు కూడా ఉంది. స్పీడోమీటర్‌లో ఇండికేటర్ వేశావని చూపే పైలట్ బల్బు రెండు వైపులకూ ఒకటే ఉన్న బండిలో ఆ బల్బు ఎడమ వైరుకూ కుడి వైరుకూ మధ్యన ఉంటుంది. ఎల్ఈడీలు పెట్టాక ఎడమకు వేస్తే దాని గుండా కరెంటు పాకి నాలుగూ వెలుగుతాయి. చాలామంది ఫ్లాషర్‌ను తిడుతూ రెండోది కొంటారు. పైలట్ ఒక కొనను ఎర్త్ చేసి, రెండో కొనకు ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, కరెంటును ఒకే వైపు పోనిచ్చే 1ఎన్4007 డయోడ్లు కలిపితే సరి, గీత ఉన్న వైపు పైలట్‌కు. రెండు డయోడ్లూ కలిపి టీ ఖర్చు కూడా కాదు.

హజార్డ్ స్విచ్ పెట్టుకో, కానీ బండి ఆగినప్పుడే వాడు. మంచులో నాలుగూ కొట్టుకుంటూ పోయేవాడు ఎటు తిరుగుతాడో వెనకవాడికి ఎలా తెలుస్తుంది?

లైట్ల రంగుకన్నా ఎత్తు ముఖ్యం. క్రాష్ గార్డుకు కింది భాగంలో, హెడ్‌లైటుకన్నా బాగా దిగువన బిగించు. వెలుగు వెడల్పుగా, పైన గీత కొట్టినట్టు తెగిపోయే రకం తీసుకో. పైకి చిమ్మే వెలుగు మంచు మీద పడి నీ కళ్ళలోకే తిరిగొస్తుంది. గోడకు కొంచెం దూరంలో, నువ్వు సీటు మీద కూర్చుని ఉండగా, లైటు ఎత్తున సుద్దతో గీత గీయించు. వెలుగు పై అంచు ఆ గీతకు కిందే ఉండాలి. ముందు వైపు ఎరుపు, నీలం పెట్టకు, కొట్టుకునే లైట్ల జోలికి అసలే పోకు. 2019 సవరణ తర్వాత చట్టం ఒప్పుకోని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఎదురుగా ఆర్టీసీ బస్సు వస్తుంటే నీ చేయి స్విచ్ మీదికి పోవాలి. అందుకే ఆ స్విచ్‌ను చేతి గ్లవ్స్‌తో కూడా అందేలా ఎడమ పిడి పక్కనే పెట్టు.

సీటు కింద అదే సైజు ఫ్యూజులు రెండు ఉంచుకో. పని మొదలుపెట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్ ముందు విప్పు, పూర్తయ్యాక చివర్న బిగించు. టేపు చుట్టేసే ముందు మాత్రం ఆ అతుకులన్నీ కనిపించేలా ఫోటోలు తీసి నాకు పంపు, చూసి చెబుతాను.

నీ మామయ్య