చాక్లెట్లు కాకుండా ఈస్టర్‌కి పిల్లలతో ఇంకేం చేయొచ్చు? మా ఇంట్లో కుదిరినవి, బెడిసికొట్టినవి

మీకు నాలుగేళ్ల బాబు, ఎనిమిదేళ్ల పాప. ఈస్టర్ అంటే ఆరాధనకు వెళ్ళి రావడం, చాక్లెట్ గుడ్లు కొనివ్వడం తప్ప ఇంట్లో ఏమీ జరగట్లేదని, పిల్లలకు గుర్తుండిపోయేలా ఏం చేయాలో చెప్పమని అడిగారు. కుందేలు నిజంగానే వచ్చి గుడ్లు పెడుతుందా అని పాప అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియట్లేదనీ రాశారు. కుందేలు సంగతి చివర్లో చెప్తాను. మా ఇంట్లోనూ ఇద్దరే, మీ పిల్లల్లాగే నాలుగేళ్ల తేడా. ఇప్పుడు పెద్దదానికి పదకొండు, చిన్నోడికి ఏడు.

మొదటి ఏడాది నేను అన్నీ ఆదివారానికే పెట్టుకున్నాను. తెల్లవారుజామున ఆరాధన, ఇంటికొచ్చాక గుడ్లకు రంగులు, ఆ వెంటనే గుడ్ల వేట, మధ్యాహ్నానికి చుట్టాలు. పదకొండయ్యేసరికి చిన్నోడు ఏడుపు, పెద్దది అలక, నాకు తలనొప్పి. ఆ తర్వాతి ఏడాది నుంచి పనులన్నీ వారం పొడవునా సర్దేశాను. ఈస్టర్‌కు ముందు ఆదివారం, అంటే మట్టల ఆదివారం మొదలుపెడితే రోజుకో అరగంట చాలు, టెన్షన్ ఉండదు.

అన్నిటికన్నా బాగా కుదిరింది సమాధి తోట. వెడల్పాటి పళ్ళెంలోనో పాత ట్రేలోనో మట్టి పోసి, ఒక చిన్న పూలకుండీని పక్కకు పడుకోబెట్టి సగం వరకు మట్టిలో కప్పేయాలి. అదే సమాధి. దాని మూతికి సరిపోయే గుండ్రటి రాయి వెతికి తెచ్చే పని పిల్లలది. (దానికే ఒక సాయంత్రం గడిచిపోతుంది, మీకూ కాస్త ఊపిరి సలుపుతుంది.) పుల్లల్ని దారంతో కట్టి మూడు సిలువలు నిలబెట్టాలి. మట్టి మీద ఆవాలు ఒత్తుగా చల్లి రోజూ తడుపుతూ ఉంటే రెండు మూడు రోజుల్లో మొలకలొస్తాయి, ఆదివారానికి పళ్ళెమంతా పచ్చబడుతుంది. అయితే నీళ్ళు చిలకరించాలి, పోయకూడదు. ఒకసారి మావాడు చెంబుడు నీళ్ళు గుమ్మరించేసరికి గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోయాయి. ఆ ఏడాది మా తోటలో ఓ మూల అడవి, మిగతాదంతా ఎడారి.

గుడ్ ఫ్రైడే సాయంత్రం యేసు అనుకుని ఒక చిన్న బొమ్మను తెల్లగుడ్డలో చుట్టి లోపల పెట్టి, రాయి అడ్డం పెడతాం. శనివారం రాత్రి పిల్లలు పడుకున్నాక నేను రాయి దొర్లించి, బొమ్మను తీసేసి, గుడ్డను మాత్రం మడతపెట్టి లోపలే ఉంచుతాను. చిన్నోడికి నాలుగేళ్లప్పుడు పొద్దున్నే లేచి అది చూసి, సోఫా కింద, ఫ్రిజ్ వెనక వెతకడం మొదలుపెట్టాడు. “ఎక్కడికెళ్ళాడమ్మా?” అంటూ నా వెంటే తిరిగాడు. ఖాళీ సమాధి దగ్గర మగ్దలేనే మరియ పడిన బాధా అదే కదా! అంతకుముందు ఏడాది అదే కథ చెప్తుంటే మధ్యలో లేచి ఆడుకోవడానికి పోయినవాడు, ఆరోజు మొత్తం విన్నాడు.

పెద్ద పిల్లలకు ఆ వారంలోనే చంద్రుణ్ణి చూపించండి. ఈస్టర్ ప్రతి ఏడాదీ వేరే తేదీన ఎందుకొస్తుందని మా అమ్మాయి అడిగితే క్యాలెండర్ దాని చేతికే ఇచ్చాను. మార్చి 21న గానీ, ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి దాటాక వచ్చే ఆదివారమే ఈస్టర్. అందుకే మార్చి 22 కన్నా ముందు రాదు, ఏప్రిల్ 25 దాటి పోదు. 2026లో పౌర్ణమి ఏప్రిల్ 2న, ఈస్టర్ 5న. ఆర్థడాక్స్ సంఘాల్లో చాలావరకు పాత జూలియన్ క్యాలెండర్ లెక్క పట్టుకుంటాయి కాబట్టి వాళ్ళకు అదే ఏడాది ఏప్రిల్ 12న. 2025లో మాత్రం రెండూ ఏప్రిల్ 20నే పడ్డాయి. ఎనిమిదేళ్ల పాపకు ఈ లెక్క బాగానే అందుతుంది. నాలుగేళ్ల బాబుకు చందమామ ఎంత నిండాడో రోజూ గీయమంటే సరిపోతుంది.

ఇక రంగుల గుడ్లు. పూర్వం లెంట్ రోజుల్లో, అంటే ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస కాలంలో, గుడ్లు కూడా తినకూడదనే కట్టుబాటు ఉండేది. మనుషులకు ఉపవాసం గానీ కోళ్ళకు కాదు కదా, అవి పెడుతూనే ఉండేవి. పండుగ నాటికి ఇంటినిండా గుడ్లే. ఆ గుడ్లకు రంగులేసి పంచుకోవడం అలా సాగింది. కోళ్ళకు ఉపవాసం లేదన్న మాటకు మా పిల్లలు ఎంత నవ్వారో!

నన్నడిగితే కొన్న కిట్ల కన్నా ఉల్లిపొట్టు మేలు. ఎనిమిది పది ఉల్లిపాయల పొట్టు దాచిపెట్టి, లీటరు నీళ్ళలో అరగంట మరిగించి, వడగట్టి, రెండు చెంచాల వెనిగర్ కలపండి. పచ్చి గుడ్డును తడిపి దాని మీద ఒక కొత్తిమీర ఆకు పరవాలి. ఎక్కడా పైకి లేవకుండా వేలితో అదిమి, పల్చటి పాత సాక్సు ముక్క తొడిగి, బాగా బిగలాగి వెనకవైపు ముడి వేయాలి. ముడి వదులైతే ఆకు కిందికి రంగు పాకి అంతా అలుక్కుపోతుంది. ఆ మూటల్ని చల్లారిన రంగునీళ్ళలో వేసి, పొయ్యి మీద పెట్టి పది పన్నెండు నిమిషాలు ఉడికించి, అందులోనే చల్లారనివ్వాలి. ముడి కత్తిరించే పని పిల్లలకే ఇవ్వండి. గుడ్డు ఇటుక రంగులోకి వచ్చి ఉంటుంది. ఆకును గోటితో మెల్లగా లేపితే దాని కింద అదే ఆకారం లేత రంగులో, అంచుల రంపపు పళ్ళతో సహా కనిపిస్తుంది. పైన రెండు చుక్కల నూనె రుద్దితే మెరుస్తుంది. ఊదా క్యాబేజీతో ఇంకో తమాషా ఉంది. నీళ్ళు ఊదా రంగులో ఉంటాయి, అందులో రాత్రంతా ఫ్రిజ్‌లో నానిన తెల్లగుడ్డు మాత్రం నీలంగా బయటికొస్తుంది.

ఇక్కడే నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. వెనిగర్ ఎంత ఎక్కువైతే రంగు అంత బాగా పట్టుకుంటుందనుకుని ఒకసారి సగం సీసా ఒంపేశాను. పొద్దున్నే చూస్తే గిన్నెలో నురగ, వేలు పెడితే రంగంతా తడి సున్నంలా చేతికి ఊడొచ్చింది. గుడ్డు పెంకు కాల్షియం కార్బొనేట్, ఆమ్లం దాన్ని కరిగించేస్తుంది. కొంచెమైతే పైపొర గరుకై రంగు పట్టుకుంటుంది, ఎక్కువైతే రంగుతో పాటు పెంకే పోతుంది. పిల్లలు ఏడవబోతుంటే ఒక పచ్చి గుడ్డు తెచ్చి ఒట్టి వెనిగర్‌లో వేసి, రెండు రోజులు చూద్దామన్నాను. మధ్యలో ఒకసారి వెనిగర్ మార్చాం. పెంకంతా పోయి, రబ్బరు బంతిలా మెత్తగా, వెలుగుకు ఎదురుగా పెడితే లోపలి పచ్చసొన కనిపించే గుడ్డు మిగిలింది. ఇప్పుడు ప్రతి ఏడాదీ అదీ కావాలంటారు.

గుడ్ల వేటకు ఉడికించిన గుడ్లు వాడకండి. ఉడికిన గుడ్డు రెండు గంటల కన్నా బయట ఉండకూడదు, ఫ్రిజ్‌లో పెట్టినా వారంలోపు తినేయాలి. మేం ఒకసారి నిజం గుడ్లు పన్నెండు దాచాం, పదకొండే దొరికాయి. పన్నెండోది రెండు వారాల తర్వాత చెప్పుల అరలోంచి తనంతట తానే తన ఉనికి తెలియజేసింది. అప్పటి నుంచి ప్లాస్టిక్ గుడ్లే, ఏది ఎక్కడ పెట్టానో ఫోన్‌లో రాసుకుంటాను.

మీ పిల్లల వయసు తేడాకు ఒక చిట్కా. ఎవరి రంగు వాళ్ళకిచ్చేయండి. పాప నీలం గుడ్లే వెతకాలి, బాబు పసుపువే. లేకపోతే పెద్దది రెండు నిమిషాల్లో ఊడ్చేస్తుంది, చిన్నోడు ఖాళీ బుట్టతో నిలబడతాడు. పాపవి కష్టమైన చోట్ల పెట్టి చీటీల్లో పొడుపుకథలు రాయండి, బాబువి వాడి మోకాలి ఎత్తులో కనిపించేట్టు పెట్టండి. మేం చాక్లెట్లతో పాటు పన్నెండు గుడ్లలో కథలోని వస్తువులు పెడతాం. నాణేలు, ముల్లు, మేకు, గుడ్డపీలిక, గులకరాయి... పన్నెండోది ఖాళీ. మొదటిసారి ఆ ఖాళీది మావాడికే దొరికి “నాకేం రాలేదు” అని గోల. ఇప్పుడు అది దొరికినవాళ్ళకు గంట కొట్టే హక్కు ఇస్తున్నాం. దాంతో ఇద్దరూ దానికోసమే ఎగబడుతున్నారు.

ఆటల్లో గుడ్లు దొర్లించడం అన్నిటికన్నా తేలిక. గరిటెతో తోసుకుంటూ గీత దాకా వెళ్ళడమే. దీని వెనక పిల్లలకు నచ్చే కథ ఒకటుంది. అమెరికాలో పిల్లలు పార్లమెంటు భవనం దగ్గర పచ్చిక మీద గుడ్లు దొర్లించేవాళ్ళు. పచ్చిక పాడవుతోందని 1876లో అక్కడ ఆడకూడదని చట్టమే చేశారు. 1878లో అధ్యక్షుడు హేస్ వైట్‌హౌస్ పచ్చికలోకి పిల్లల్ని రానిచ్చాడు, ఆ ఆట ఈస్టర్ సోమవారం నాడు ఇప్పటికీ జరుగుతోంది. వాన పడితే గ్రీకుల ఆట ఆడండి. వాళ్ళు పండుగ ముందు గురువారం గుడ్లకు ఎర్రరంగు వేస్తారు, పండుగనాడు ఇద్దరు చెరో గుడ్డు పట్టుకుని మొనకు మొన కొట్టుకుంటారు. పగలనిది ఎవరిదైతే వాళ్ళు గెలిచినట్టు. మా ఇంట్లో నేను ఎప్పుడూ గెలవలేదు.

మాకు కుదరనిదేంటంటే, పచ్చి గుడ్డుకు సూదితో రెండు వైపులా చిల్లు పెట్టి లోపలిది ఊది తీసేసి, పైన మైనంతో ముగ్గులు వేయడం. యుక్రెయిన్‌లో అద్భుతంగా చేస్తారు. మేం ఆరు పగలగొట్టాక ఆమ్లెట్ వేసుకున్నాం.

ఇప్పుడు కుందేలు. అబద్ధం చెప్పక్కర్లేదు, ఒక్కసారిగా కొట్టిపారేయక్కర్లేదు. ఏ దేశంలో ఏ కథ చెప్తారో చెప్తూ ఊళ్ళన్నీ తిప్పండి. గుడ్లు తెచ్చే కుందేలు గురించి 1682లోనే ఒక జర్మన్ వైద్యుడు రాశాడు. అక్కడి నుంచి వలస వెళ్ళినవాళ్ళు దాన్ని అమెరికాకు తీసుకెళ్ళారు, పిల్లలు టోపీలతో గూళ్ళు చేసి పెట్టేవాళ్ళు. ఫ్రాన్స్‌లో కుందేలు కాదు, చర్చి గంటలు తెస్తాయి. గురువారం నుంచి మోగకుండా ఉండే గంటలు రోముకు వెళ్ళాయని, తిరిగొస్తూ దారిలో మిఠాయిలు జారవిడుస్తాయని చెప్తారు. ఆస్ట్రేలియాలో కుందేళ్ళు నేలను పాడుచేస్తున్నాయని వాటికి బదులు బిల్బీ అనే పెద్ద చెవుల జంతువును పెట్టుకున్నవాళ్ళున్నారు.

ఇదంతా చెప్పాక మావాడు “అయితే మనింటికి ఎవరొస్తారు?” అన్నాడు. అప్పటికి ఎనిమిదేళ్లున్న పెద్దది నా వంక చూసి, చెవి దగ్గరికొచ్చి “నేనెవరికీ చెప్పనులే అమ్మా” అంది. తర్వాతి ఏడాది నుంచి శనివారం రాత్రి గుడ్లు దాచేది తనే. ఏది ఎక్కడుందో ఫోన్‌లో రాసుకోవడం మాత్రం ఇంకా నా పనే.