జలుబు మాత్ర మత్తు కాఫీతో ఎందుకు వదలదు?

ప్రశ్న: జలుబు చేసినప్పుడల్లా మందుల షాపులో ఇచ్చే మాత్ర వేసుకుంటాను. గంట తిరక్కుండానే కళ్లు మూతలు పడతాయి. రాత్రి కంటినిండా నిద్రపోయిన రోజున కూడా ఇంతే. కాఫీ తాగినా మత్తు పూర్తిగా వదలదు. అసలు మనల్ని మెలకువగా ఉంచేది ఏమిటి? ఈ మాత్ర దాన్ని ఏం చేస్తుంది?
— ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీకు వస్తున్నది అలసట వల్ల కలిగే నిద్ర కాదు, మెలకువను నిలబెట్టే సంకేతాల్లో ఒకటి మందు వల్ల ఆగిపోవడంతో కలిగే మత్తు. జలుబు మాత్రల్లో తరచుగా ఉండే క్లోర్‌ఫెనిరమిన్ హిస్టమిన్‌కు విరుగుడు. తుమ్ములు, దురద పుట్టించే పదార్థంగానే హిస్టమిన్ చాలామందికి తెలుసు. కానీ మెదడులో అదే రసాయనం మనల్ని మేల్కొలిపి ఉంచుతుంది. దాన్ని విడుదల చేసే నాడీకణాలు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే ప్రాంతపు వెనుక భాగంలో ఒకేచోట గుంపుగా ఉండి, అక్కడి నుంచి మెదడంతటికీ తంతువులు పంపుతాయి. మనం మేల్కొని ఉన్నంతసేపూ అవి చురుగ్గా పనిచేస్తాయి, నిద్ర పట్టగానే నెమ్మదిస్తాయి, కలల నిద్రలో దాదాపు మౌనం వహిస్తాయి.

ఈ చోటు ప్రాధాన్యం హిస్టమిన్ సంగతి తెలియక ముందే బయటపడింది. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో వియన్నాలో వింతైన మెదడువాపు వ్యాధి వ్యాపించినప్పుడు, ఫాన్ ఎకొనొమో అనే వైద్యుడు మృతుల మెదళ్లను పరీక్షించి, ఎడతెగని నిద్రలో మునిగిపోయిన వారిలో హైపోథాలమస్ వెనుక భాగం, నిద్రే పట్టనివారిలో ముందు భాగం దెబ్బతిన్నాయని గమనించారు. వెనుక భాగంలోని హిస్టమిన్ కణాలు 1980లలో గాని స్పష్టంగా కనబడలేదు. ముందు భాగంలో, గాబా అనే రసాయనంతో ఆ కణాలను నిద్రవేళ అణచివేసే మరో గుంపు ఉన్నట్లు 1990లలో తేలింది. మరణానంతర పరీక్షతోనే ఆయన ఇంత దగ్గరగా ఊహించగలగడం ఆశ్చర్యమే.

మెలకువ భారమంతా హిస్టమిన్ ఒక్కటే మోయదు. నార్‌ఎడ్రినలిన్, సెరటోనిన్, డోపమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే మెదడు రసాయనాలు కూడా తలా ఒక చెయ్యి వేస్తాయి. వీటన్నిటినీ నిలకడగా నడిపించేది 1998లో గుర్తించిన ఒరెక్సిన్ అనే మరో రసాయనం. దాన్ని తయారుచేసే కణాలు నశించినవారికి నార్కొలెప్సీ వస్తుంది, అంటే మాట్లాడుతూ, భోంచేస్తూ ఉండగానే నిద్ర ముంచుకొస్తుంది.

ఇక కాఫీ సంగతి. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగవుతుంది. అది తన గ్రాహకాలకు, అంటే కణాల మీద దాన్ని అందుకునే చోట్లకు, అతుక్కున్నప్పుడు నిద్ర వస్తుంది. కెఫీన్ చేసేదల్లా, బస్సు సీట్లో ముందుగా తువ్వాలు వేసినట్టు, ఆ గ్రాహకాల్లో తాను చేరి అడినోసిన్‌కు చోటు లేకుండా చేయడమే. మీ మత్తు వచ్చింది అడినోసిన్ వల్ల కాదు, హిస్టమిన్ గ్రాహకాలు మూసుకుపోవడం వల్ల. వాటిని కెఫీన్ తెరవలేదు కనుక కాఫీతో కొంత చురుకు వస్తుందే తప్ప మత్తు పూర్తిగా వదలదు. పైగా కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది కనుక, సాయంత్రం తాగిన కాఫీ రాత్రి నిద్రను కూడా చెడగొడుతుంది.

ఫెక్సోఫెనడిన్, లోరటడిన్ వంటి కొత్త మందులు రక్తం నుంచి మెదడులోకి పెద్దగా చేరవు కాబట్టి మత్తు తక్కువ. సెట్రిజిన్ వాడినవారిలో మాత్రం కొందరికి మగతగా ఉంటుంది. అయితే ఈ కొత్త మందులు ఎలర్జీ తుమ్ములకు పనికొచ్చినంతగా మామూలు జలుబుకు పనికిరావు. జలుబులో పాత మాత్ర ముక్కు కారడాన్ని కాస్త తగ్గిస్తోందంటే, అది ఎసిటైల్‌కోలిన్‌ను కూడా అడ్డుకోవడమే ఎక్కువగా కారణం. నోరు ఎండిపోవడమూ అందువల్లనే. వృద్ధుల్లో ఇదే గుణం తికమకకు, మూత్రం సాఫీగా రాకపోవడానికి దారితీయవచ్చు కనుక, వారికి డాక్టరును అడగకుండా ఈ మాత్ర ఇవ్వకూడదు. మీరు మాత్రం స్ట్రిప్ వెనుక క్లోర్‌ఫెనిరమిన్ పేరు ఉందో లేదో చూసుకోండి. ఉంటే ఆ పూట బండి నడపకండి, మద్యం జోలికి అసలే వెళ్లకండి.