ఆయన ‘ఉన్నారా’, దేహం ‘ఉందా’?

సందేహం: గురువుగారూ, నమస్కారం. మా బడి గోడపత్రికకి పిల్లలచేత ఒక వ్యాసం రాయించాను. అందులో ఒక వాక్యం ఇది: “1967లో అమెరికాలో చనిపోయిన ప్రొఫెసర్ జేమ్స్ బెడ్‌ఫోర్డ్ పార్థివదేహాన్ని పునర్జన్మ కోసం గడ్డకట్టించారు, ఆయన నేటికీ అరిజోనాలో ఉన్నారు.” మా హెడ్మాస్టారు ‘పార్థివదేహం’ కొట్టేసి ‘శవం’ అని రాశారు, ‘పునర్జన్మ’ని ‘పునరుజ్జీవం’ చేశారు, ‘ఉన్నారు’ పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టారు. ఏది ఒప్పు? దేహాన్ని ఉంచే ఆ పాత్రకి తెలుగు మాట ఏదైనా ఉందా అని పిల్లలు అడుగుతున్నారు.
– ఒక ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం: అమ్మా, ముందు ఆ ప్రశ్నార్థకం సంగతి చూద్దాం. తక్కినవాటికి మాట మారిస్తే చాలు. ఇది వ్యాకరణంలో పడిన ముడి.

తెలుగులో వాక్యం ముగించాలంటే క్రియ దగ్గర ఏదో ఒకటి తేల్చక తప్పదు. మనుషులైతే ఉన్నారు, దేహాలైతే ఉన్నాయి. మగవాడైతే ఉన్నాడు, దేహమైతే ఉంది. (ఆడవాళ్ల విషయంలో ఏకవచనంలో ఈ చిక్కు బయటపడదు. ‘ఆమె ఉంది’, ‘దేహం ఉంది’ రెండూ ఒకటే. మన భాషలో ఇదొక తమాషా.) ప్రాణం పోగానే మన మాట మహత్తు (మగవాళ్లకి వాడే రూపం) నుంచి అమహత్తు (వస్తువులకి వాడే రూపం)లోకి దిగిపోతుంది. “నాన్నగారు ఆస్పత్రిలో ఉన్నారు” అన్న మనిషే గంట గడిచాక “బాడీ ఇంకా ఆస్పత్రిలోనే ఉంది” అంటాడు. కొడుకు అమెరికా నుంచి దిగేదాకా వరండాలో ఫ్రీజర్ బాక్సు పెట్టి, అద్దంలోంచి మొహం కనిపిస్తూ ఉన్నా, “ఆయన పెట్టెలో ఉన్నారు” అనం. “బాడీని పెట్టెలో ఉంచారు” అంటాం. ఏడుస్తున్న ఇంటివాళ్లు మాత్రం “నాన్న” అనే అంటారు, వాళ్లని ఎవరూ దిద్దరు.

బెడ్‌ఫోర్డ్ దేహాన్ని ఇప్పుడు భద్రపరుస్తున్న ఆల్కార్ అనే సంస్థ తన దగ్గరున్నవాళ్లని ‘రోగులు’ అంటుంది. రోగులైతే ‘ఉన్నారు’ అనాల్సిందే. కానీ అక్కడి చట్టం ప్రకారం, మనిషి చనిపోయినట్టు నిర్ధారణ అయ్యాకే ఈ పని మొదలుపెట్టాలి. బతికున్న మనిషిని చల్లబరిస్తే అది హత్య అవుతుంది. కాబట్టి ‘ఉన్నారు’ అన్నది ఆ సంస్థ నమ్మకం. మీ పిల్లలు ఆ నమ్మకాన్ని తమ నోటితో చెప్పనక్కర్లేదు. దేహం ‘ఉంది’ అని రాసి, కావాలంటే “ఆ సంస్థ ఆయన్ని రోగిగానే లెక్కిస్తుంది” అని పక్కనే చేర్చండి. మీ హెడ్మాస్టారి ప్రశ్నార్థకం సబబైనదే.

‘శవం’ విషయంలో మాత్రం ఆయనతో ఏకీభవించలేను. తప్పు మాట కాదు, మోటుగా ఉంటుందంతే. అలాగని ‘పార్థివదేహం’ కూడా కుదరదు. పృథివికి సంబంధించింది పార్థివం. మట్టితో అయింది, మట్టిలో కలవాల్సింది అని దాని ధ్వని. మట్టిలో కలవకూడదనే కదా ఆ ప్రొఫెసరు ఇంత ఏర్పాటు చేసుకున్నది! పైగా పత్రికలు ఈ మాటని పెద్దవాళ్ల అంతిమయాత్రలకి కట్టబెట్టేశాయి. ‘భౌతికకాయం’ కూడా అంతే. ‘కళేబరం’ సంస్కృతంలో వట్టి శరీరమే అయినా తెలుగులో గొడ్డుకి అంటాం. ‘మృతదేహం’ అనండి. చట్టానికీ సరిపోతుంది, మర్యాదకీ లోటుండదు. కొందరు తలని మాత్రమే భద్రపరచమని రాసిస్తారు. అక్కడ ‘దేహం’ అనడానికీ వీల్లేదు.

‘గడ్డకట్టించారు’ బెడ్‌ఫోర్డ్ వరకు ఒప్పే. 1967 జనవరి 12న ఆయన పోయాక ఒంట్లోకి ఒక రసాయనం ఎక్కించి గడ్డకట్టించారు. 2000 దాటాక పద్ధతి మారింది. కణాల్లో నీరు మంచుగా మారితే ఆ స్ఫటికాలు కణాలని పాడుచేస్తాయి. అందుకని రక్తం తీసేసి, రక్తనాళాల్లో మంచు కట్టనివ్వని ద్రావణాలు నింపుతున్నారు. పాకంలో నిమ్మరసం పిండితే పంచదార మళ్లీ పలుకు కట్టదు కదా, ఇంచుమించు ఆ కిటుకే. సుమారు మైనస్ 120 డిగ్రీల దిగువన ఆ ద్రావణం స్ఫటికం కట్టకుండానే గాజులా బిగుసుకుపోతుంది. ఆ తర్వాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఉంచుతారు. ఇవాళ్టి పద్ధతి గురించి రాసేటప్పుడు ‘గడ్డకట్టించడం’, ‘హిమీకరణం’ రెండూ పొరపాటే. గడ్డా లేదు, హిమమూ లేదు. ‘అతిశీతలంలో భద్రపరచడం’ అంటే ఇబ్బంది రాదు.

‘పునర్జన్మ’ అసలు కుదరదు. ఆత్మ ఈ దేహాన్ని వదిలి ఇంకో దేహం ఎత్తితే పునర్జన్మ. వీళ్లు కోరేది సరిగ్గా దానికి ఎదురు, ఇదే దేహం లేచి కూర్చోవాలని. “డాక్టరుగారు నాకు పునర్జన్మ ఇచ్చారు” అని వాడుకలో అంటాం, అక్కడ అది పొగడ్త. ‘పునరుత్థానం’ అంటే తెలుగు పాఠకుడికి క్రీస్తు గుర్తొస్తాడు. ఇక ‘పునరుజ్జీవనం’: పునర్, ఉత్, జీవనం కలిసిన మాట. సత్, జనుడు కలిస్తే సజ్జనుడైనట్టే ఇక్కడా జకారానికి ద్విత్వం వచ్చింది. ‘పునరుజీవనం’, ‘పునఃరుజ్జీవనం’ రెండూ తప్పులు. చివరి ‘నం’ కత్తిరించిన ‘పునరుజ్జీవం’ ప్రభుత్వ పథకాల పేర్లలోకి ఎక్కింది గానీ నేనైతే వాడను. అయినా ఈ మాటని మనం చెరువులకీ, మూతపడ్డ మిల్లులకీ, కళలకీ ఇచ్చేశాం. మనిషికి ‘తిరిగి బతికించడం’ ఉండగా సంస్కృతం దాకా పోవడం ఎందుకు? ఇప్పటివరకు ఇలా ఎవర్నీ బతికించలేదు కాబట్టి ‘బతికించడానికి’ అనకుండా ‘బతికించవచ్చన్న ఆశతో’ అనాలి.

పాత్ర సంగతి. భరతుడు వచ్చేదాకా దశరథుడి దేహాన్ని తైలద్రోణిలో, అంటే నూనె తొట్టిలో, ఉంచారని రామాయణం. ఆ దారిలో ‘శీతద్రోణి’ అని పుట్టించవచ్చు గానీ, ‘ద్రోణి’ అనగానే ఇవాళ అందరికీ బంగాళాఖాతమూ వానా గుర్తొస్తాయి. మీ ఊరి పశువుల ఆస్పత్రికి పిల్లల్ని తీసుకెళ్లండి. ఎద సూదికి వాడే ఘనీకృత వీర్యాన్ని అక్కడ ఇదే ద్రవ నత్రజనిలో ఉంచుతారు. మూత తీయగానే తెల్లటి పొగ పైకి లేవకుండా అంచుమీంచి కిందికి జారుతుంది. దాన్ని అక్కడివాళ్లు ‘క్యాన్’ అంటారు. అరిజోనాలోది నిలువెత్తుది. అందులో దేహాల్ని తలకిందులుగా ఉంచుతారు, నత్రజని తగ్గినా తల ఆఖరిదాకా చల్లగా ఉండాలని. అంతదాన్ని క్యాన్ అంటే నప్పదు. ‘ట్యాంకు’ అని రాయండి, ఎవరూ తప్పుపట్టరు.

ఇక వాక్యం ఇలా దిద్దుకోండి: “1967లో అమెరికాలో చనిపోయిన ప్రొఫెసర్ జేమ్స్ బెడ్‌ఫోర్డ్ మృతదేహాన్ని, ఎప్పటికైనా తిరిగి బతికించవచ్చన్న ఆశతో గడ్డకట్టించి భద్రపరిచారు, అది నేటికీ అరిజోనాలో ఉంది.”