మూడు స్వెటర్లు వేసినా బాబు ముక్కు గురగురలాడుతోంది, ఏం చేయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాకిది తొలి కాన్పు. పురిటికి పుట్టింటికి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్నాను. బాబుకి డెబ్బై రోజులు. పుట్టినప్పుడు 2.9 కిలోలు, మొన్న అంగన్‌వాడీలో తూస్తే 4.8 ఉన్నాడు. నా పాలే తాగుతాడు. కొన్నాళ్లుగా రాత్రిపూట ముక్కు గురగురమంటోంది. పాలు తాగుతూ మధ్యలో వదిలేసి ఏడుస్తున్నాడు. జ్వరం లేదు. మా అమ్మమ్మ రోజూ స్నానం అయ్యాక ముక్కులో రెండేసి చుక్కలు కొబ్బరినూనె వేసి, గది తలుపులు మూసి సాంబ్రాణి పొగ వేస్తుంది. మంకీ క్యాప్, సాక్సులు, ట్రంకు పెట్టెలోంచి తీసిన మా అక్క కొడుకు స్వెటర్లు మూడు వేసి పడుకోబెడుతున్నాం. అయినా చేతులు, కాళ్లు చల్లగానే ఉంటున్నాయి. మెడ మీద ఎర్రగా పేలింది. మా ఆయనది హైదరాబాద్‌లో ఉద్యోగం. ఒక రూమ్ హీటరు, రొంపకి ఒక సిరప్ పంపించారు. వాడొచ్చా? నేను తలస్నానం చేసినా, పెరుగన్నం తిన్నా బాబుకి రొంప చేస్తుందని మాన్పించారు. సంక్రాంతికి భీమవరం అత్తారింటికి వెళ్లాలి, భోగిపళ్లు పోస్తారట. రాత్రులు నిద్ర లేదు. ఎవరి మాట వినాలో తెలియక ఊరికే ఏడుపొచ్చేస్తోంది.
- ఒక తల్లి

జవాబు: ముందు బాబు సంగతి చెబుతానమ్మా. పుట్టిన దగ్గర్నుంచి 1900 గ్రాములు పెరిగాడు. ఈ వయసులో రోజుకి 25 నుంచి 30 గ్రాములు పెరగాలి. మీ వాడు ఆ లెక్కలోనే ఉన్నాడు. రోజుకి ఆరు సార్లకి తక్కువ కాకుండా ఒంటేలు పోస్తున్నాడంటే పాలు సరిపోతున్నట్టే. మీరు రాసినదాన్ని బట్టి వాడికి పెద్ద జబ్బేదో ఉన్నట్టు నాకు అనిపించడం లేదు. చలి అంటే భయపడి ఇంట్లో చేస్తున్నవే వాడిని ఎక్కువ ఇబ్బంది పెడుతున్నాయి.

మన డెల్టాలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున కూడా మామూలుగా 20 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. లంబసింగి కాదు మనది. పొగమంచుకి ఎదురింటి కొబ్బరిచెట్టు కనపడకపోయినంత మాత్రాన తలుపులేసిన గదిలో బిడ్డ గడ్డకట్టిపోడు. సంక్రాంతి ముందు మా ఓపీకి వచ్చే పసివాళ్లని చూస్తుంటాను. పైన దుప్పటి, లోపల ఉన్ని శాలువా, దాని లోపల స్వెటరు, దాని లోపల ఇంకో స్వెటరు, అడుగున పొత్తిగుడ్డ. ఒక్కొక్కటే విప్పుతూ పోతే మెడ మడతల్లో చెమట తడి, దాని చుట్టూ ఎర్రటి పొక్కులు. మీ బాబు మెడ మీద పేలింది కూడా చెమటకాయలే అయి ఉంటాయి. ఆ చెమట ఒంటి మీదే ఆరితే అప్పుడు బిడ్డకి నిజంగా చల్లబడుతుంది. ఒళ్లు మరీ వేడెక్కితే పసివాళ్లు చిరాకుపడి ఏడుస్తారు, పాలు వదిలేస్తారు. నిద్రలోనే ఉన్నట్టుండి ప్రాణం పోయే ముప్పు కూడా అతివేడితో పెరుగుతుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దంటున్నాను.

చేతులు, కాళ్లు చల్లగా ఉన్నాయని బట్టలు పెంచకండి. ఈ వయసులో అవి చల్లగా ఉండటం మామూలే. మీ చెయ్యి వాడి మెడ వెనక, పొట్ట మీద పెట్టి చూడండి. వెచ్చగా, పొడిగా ఉంటే చాలు. తడిగా తగిలితే ఒక పొర తీసేయండి. మీకు ఎన్ని పొరల బట్ట హాయిగా ఉందో, వాడికి దానికంటే ఒక్కటి ఎక్కువ. మన ఊళ్లో రాత్రికి పొడుగు చేతుల నూలు చొక్కా, ఫ్యాంటు, పైన ఒక పల్చటి స్వెటరు సరిపోతాయి. పడుకునేటప్పుడు టోపీ వద్దు. పసివాళ్ల ఒంట్లో ఎక్కువైన వేడి తల నుంచి కూడా బయటికి పోతుంది, దాన్ని మూసేస్తే వేడెక్కిపోతారు. టోపీ బయటికి తీసుకెళ్లేటప్పుడు వేయండి. పడుకోబెట్టడం వెల్లకిలాగానే. దిండు వద్దు, తల గుండ్రంగా వస్తుందని పెట్టే ఆవాల దిండు కూడా వద్దు. మీ పక్కలో బొంత కింద కాకుండా, మీ మంచం పక్కనే వాడికి వేరే పక్క వేయండి.

ఆ స్వెటర్ల సంగతి ఇంకొకటి ఉంది. ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచారా? అయితే వాటిని ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో వేసి, అప్పుడు తొడగండి. ఆ ఉండల్లో ఉండేది నాఫ్తలీన్. కొందరు పిల్లలకి పుట్టుకతోనే జీ-6-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అలాంటి బిడ్డకి ఆ వాసన తగిలితే ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు వస్తాయి. మీ బాబుకి ఆ లోపం ఉందో లేదో పైకి చూసి చెప్పలేం కదా.

ఇక ముక్కు. రెండు నెలల బిడ్డ ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి తీస్తాడు, ఆ రంధ్రాలేమో మరీ ఇరుకు. పిసరంత చీమిడి ఉన్నా, కక్కిన పాలు కొంచెం వెనక్కి వెళ్లినా గురగురమని ఇల్లంతా వినిపిస్తుంది. చాలామందికి మూడు, నాలుగు నెలలు దాటేసరికి అదే తగ్గుతుంది. మీ ఇంట్లో రోజూ నూనె, పొగ కూడా తోడవుతున్నాయి. ముక్కులో వేసిన నూనె అక్కడే ఉండిపోదమ్మా. కొంత గొంతులోకి, కొంత ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. నీళ్లయితే బిడ్డ దగ్గి బయటికి తెచ్చుకుంటాడు. నూనెకి దగ్గు సరిగా రాదు, ఏ చప్పుడూ లేకుండా దిగిపోతుంది. అలా కొద్దికొద్దిగా పేరుకుని వచ్చే న్యుమోనియాని లిపాయిడ్ న్యుమోనియా అంటారు, అది ఓ పట్టాన తగ్గదు. కొబ్బరినూనె ఒంటికి రాసి మర్దన చేయండి, మాడుకి కొంచెం రాయండి, దానికి నేనేమీ అడ్డు చెప్పను. ముక్కులో, చెవిలో మాత్రం ఏ నూనె చుక్కా వేయకండి. స్నానంలో ముక్కు పిండటం, నోటితో ఊదడం కూడా ఆపేయండి.

బదులుగా మందుల షాపులో సెలైన్ ముక్కు చుక్కలు దొరుకుతాయి. ఉప్పునీళ్లే, మందు కాదు. పాలిచ్చే ముందు పది నిమిషాల వ్యవధి ఉండేలా ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కలు వేసి, బయటికి వచ్చింది మెత్తటి గుడ్డతో తుడవండి. ఇంట్లో ఉప్పు కలిపి చేసుకోవద్దు, పాళ్లు కుదరవు. డబ్బాలో ఉండే కర్పూరం, మెంథాల్ లేపనాలు ఛాతీకి, ముక్కుకి పూయకండి. కర్పూరం పసివాళ్లకి ఫిట్స్ తెప్పించగలదు.

మీ ఆయన పంపిన సిరప్ తెరవకుండానే పక్కన పెట్టేయండి. మధ్యప్రదేశ్‌లో కల్తీ దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయాక, 2025 అక్టోబరులో కేంద్ర ఆరోగ్య శాఖ రెండేళ్లలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయొద్దు, ఇవ్వొద్దు అని రాష్ట్రాలకి చెప్పింది. మందు మంచిదే అయినా ఈ వయసులో ఆ సిరప్‌ల వల్ల ఒరిగేదేమీ లేదు. మగత, గుండె దడ లాంటివి మాత్రం వస్తాయి.

సాంబ్రాణి గురించి చెబితే మీ అమ్మమ్మ గారికి కోపం వస్తుందని తెలుసు. ఆవిడ నలుగురు పిల్లల్ని అలాగే పెంచి ఉంటారు. కానీ అప్పటి పెంకుటింట్లో పొగ పైకప్పు సందుల్లోంచి పోయేది. ఇప్పటి శ్లాబు గదిలో తలుపు, కిటికీ మూసి కొబ్బరి చిప్పల నిప్పులు పెడితే పొగంతా బాబు ముక్కులోకే. పైగా ఆ నిప్పుల నుంచి వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. మూసిన గదిలో అది పెద్దవాళ్లనే చంపుతుంది. తల ఆరాలంటే తువ్వాలు చాలు. ఆవిడ తృప్తి కోసమైతే వరండాలో మీ జుట్టుకి సాంబ్రాణి వేయించుకోండి, ఆ కాసేపు బాబు లోపల మీ అమ్మగారి ఒళ్లో ఉంటాడు. దోమల కాయిల్ కూడా అంతే. పంట కాలవ పక్కన ఇల్లయితే దోమలు తప్పవు, దోమతెర కట్టండి. సార్వా కోతలయ్యాక చేలల్లో దుబ్బులు తగలబెడుతున్న రోజుల్లో సాయంత్రం కిటికీలు మూసి ఉంచండి.

స్నానం రోజూ పోయాలని లేదు. పోస్తే పదకొండు గంటల వేళ, గోరువెచ్చటి నీళ్లతో, ఐదు పది నిమిషాల్లో ముగించండి. నీళ్ల వేడి మోచేత్తో చూసుకోండి. వద్దనిపించిన రోజు వేడినీళ్లలో గుడ్డ ముంచి పిండి ఒళ్లు తుడిస్తే సరిపోతుంది.

హీటరు మన ఊళ్లో అక్కర్లేదు. గాలి పొడిబారి ముక్కు ఇంకా దిబ్బడ వేస్తుంది. పెట్టె విప్పకపోతే తిరిగి పంపేయమనండి. హీటరు పంపిన ఆయనే నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తే మీకు దానికంటే వెయ్యి రెట్లు మేలు.

పెరుగు, తలస్నానం సంగతి ఒక్క మాటలో చెబుతాను: రెండింటికీ బాబు రొంపకీ సంబంధం లేదు. రొంప వైరస్‌తో వస్తుంది, తుమ్మిన మనిషి నుంచి, చేతుల నుంచి వస్తుంది. మీరు తిన్న పెరుగు పాలలోకి చల్లదనంగా దిగదు. బాలింత అని మీకు నీళ్లు తగ్గించి, వెల్లుల్లి కారంతో అన్నం పెడుతుంటే అదీ మార్పించండి. పప్పు, కూర, గుడ్డు, పాలసొర, పెరుగు, అన్నీ తినండి. దాహమేసినప్పుడల్లా నీళ్లు తాగండి. మీకే రొంప చేసినా పాలు మాన్పించొద్దు. మాస్క్ కట్టుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని ఇవ్వండి. ఆ జబ్బుతో పోరాడే శక్తి మీ పాలలోంచే వాడికి వెళుతుంది. బాబుకి మాత్రం ఆరు నెలల దాకా నీళ్లు, ఏడాది నిండేదాకా తేనె, వస ఏదీ నాలిక్కి రాయకండి. విటమిన్ డి చుక్కలు రోజుకి 400 యూనిట్లు, మీ డాక్టరు రాసే ఉంటారు, అవి మానకండి.

ఇవన్నీ ఒక ఎత్తు, ఎప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలన్నది ఒక ఎత్తు. ఊపిరి లెక్కపెట్టడం ఈ రోజే నేర్చుకోండి. బాబు ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, ఫోనులో టైమరు పెట్టి, పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో పూర్తిగా ఒక నిమిషం చూడండి. పది సెకన్లు చూసి ఆరుతో గుణిస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే పసివాళ్లు కొన్ని ఊపిర్లు గబగబా తీసి ఐదారు సెకన్లు ఆగుతారు, అది మామూలే. రెండు నెలలు దాటిన బిడ్డకి నిమిషానికి 50, అంతకంటే ఎక్కువ ఉంటే న్యుమోనియా అనుమానించి ఆ రోజే చూపించాలి. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా, పాలు సగానికి సగం తగ్గినా, లేపితే లేవకుండా సోలిపోతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి. డిజిటల్ థర్మామీటరు ఒకటి కొనండి. చంకలో 99.5 ఫారెన్‌హీట్ దాటితే బట్టలు తగ్గించి పావుగంటాగి మళ్లీ చూడండి. అప్పుడూ దాటే ఉంటే డాక్టరుకి చూపించండి. 100.4 వస్తే మూడు నెలల్లోపు బిడ్డకి ఇంట్లో పారాసిటమాల్ వేసి చూద్దాం అనుకోకుండా వెంటనే బయల్దేరండి. 96 కంటే తగ్గినా అంతే కంగారు పడాలి.

సంక్రాంతికి భీమవరం వెళ్లొచ్చు. బండి మీద వద్దు, కారులోనే. పొగమంచు విడిచాక తొమ్మిదీ పదికి బయల్దేరితే చించినాడ వంతెన మీదుగా పాలకొల్లు దాటి మధ్యాహ్నం భోజనానికి ముందే చేరతారు. అక్కడ అసలు చిక్కు చలి కాదు, చుట్టాలు. బాబుని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మార్చి, బుగ్గలు ముద్దులాడతారు. రొంప, దగ్గు ఉన్నవాళ్లు దూరంగా ఉండాలని, మిగతావాళ్లు చేతులు కడుక్కునే ఎత్తుకోవాలని మీ ఆయన చేత చెప్పించండి. కోడలు చెబితే ఇంకోలా ఉంటుంది, కొడుకు చెబితే ఎవరూ ఏమీ అనుకోరు. భోగి మంట దగ్గరికి బాబుని తీసుకెళ్లకండి, కిటికీలోంచి చూపిస్తే చాలు. భోగిపళ్లు పోయడానికి మీ ఒళ్లో కూర్చోబెట్టుకుని పూల రేకులు మాత్రం పోయించండి. రేగుపండు, శనగ, చిల్లర కలిపి నెత్తి మీంచి పోస్తే ఒకటి జారి నోట్లో పడటానికి ఎంతో సేపు పట్టదు. రేగుగింజ పసివాడి గొంతుకి సరిగ్గా అడ్డం పడేంత ఉంటుంది.

ఇక మీ గురించి. రెండు మూడు గంటలకోసారి లేచే బిడ్డ పక్కన ఎవరికైనా మెదడు మొద్దుబారుతుంది. పాలిచ్చి తేన్పు తెప్పించడానికి మీ అమ్మగారికి ఇచ్చేయండి, మీరు వెంటనే పడుకోండి. మీ ఆయన వచ్చిన రోజుల్లో రాత్రి ఒక దఫా పూర్తిగా ఆయనదే. కానీ కాన్పైన మొదటి రెండు వారాలు దాటాక కూడా రోజూ ఏడుపు, దేని మీదా మనసు లేకపోవడం, బిడ్డ నిద్రపోయినా మీకు నిద్ర పట్టకపోవడం ఉంటే దాన్ని నీరసం అనుకుని వదిలేయొద్దు. అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు, పాలిస్తూనే వాడదగ్గ మందులున్నాయి. 14416కి, అంటే ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీ మానస్‌కి, ఏ వేళలో ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. బిడ్డకో మీకో ఏదైనా చేసుకోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

డెబ్బై రోజులంటే పది వారాలు నిండాయి, రెండో విడత టీకాలు వేయించాల్సిన రోజు వచ్చేసింది. పెంటావాలెంట్, పోలియో చుక్కలు, రోటా చుక్కలు, మూడూ ఉంటాయి. కోరింత దగ్గుకి అడ్డుకట్ట ఆ పెంటాలోనే ఉంది. ముక్కు గురగురలాడుతోందని వాయిదా వేయకండి, జ్వరం లేని రొంప టీకాకి అడ్డం కాదు. పండక్కి వెళ్లేలోపే మీ ఏఎన్ఎంని అడిగి కార్డు పట్టుకుని వెళ్లండి. అక్కడే ఒకసారి ముక్కు, ఛాతీ చూడమని డాక్టరుని అడిగితే ఒక పనైపోతుంది.