ఇంట్లో ప్రార్థన చేసుకుంటే సరిపోదా?

"కష్టాల్లో ఉన్నాను. చర్చికి పోతే అందరూ సలహాలే ఇస్తున్నారు. అందుకే మూడు నెలలుగా ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటున్నా. విశ్వాసులు ఒకరినొకరు ప్రోత్సహించుకోవడం నిజంగా అంత అవసరమా?" అని అడిగారు. వందనాలండీ. మీరు మూడు నెలలే, నేను దాదాపు ఏడాది మానేశాను.

మాది దేవరకొండ దగ్గర పల్లె. 2016 ఎండాకాలానికి మా బోర్లు పూర్తిగా ఎండిపోయాయి. ఆరేళ్లు పెంచిన బత్తాయి తోట, అప్పుడప్పుడే కాపుకొచ్చింది. ట్యాంకర్లతో నీళ్లు పోయించాం. అప్పు పెరిగింది గానీ చెట్లు దక్కలేదు. ఆదివారం మందిరం బయట ఒకరు "దశమభాగం సరిగ్గా ఇస్తున్నావా?" అన్నారు, అంటే రాబడిలో పదో వంతు దేవునికిచ్చే కానుక. ఇంకొకరు "నిన్ను నువ్వు పరీక్షించుకో, ఎక్కడో పాపం ఉండుంటది" అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లేం కాదు, మంచే చెప్తున్నాం అనుకున్నారు. మరుసటి వారం నుంచి నేను వెళ్లలేదు.

ఒక గురువారం మా సంఘ పెద్ద ఒకాయన మోపెడ్ మీద వచ్చారు. బైబిలు సంచి బండికే వేలాడుతోంది, తీయలేదు. "తోట చూపియ్యి తమ్మీ" అన్నారు. ఎండలో గంటసేపు తిరిగాం. ఒక్కో చెట్టు దగ్గర ఆగి, కొమ్మ గీరి, లోపల పచ్చి ఉందేమో చూశారు. తర్వాత వేపచెట్టు కింద కూర్చుని తన సంగతి చెప్పారు. ఆయనది పాలమూరు వైపు. వయసులో ఉన్నప్పుడు మట్టిపనికి బొంబాయి వలస వెళ్లారట. అక్కడ తెలుగు కూడిక ఎక్కడుందో కూడా తెలియదు. ఊళ్లో స్నేహితుడొకరు నెలనెలా కార్డు రాసేవారట. "వాక్యం ఒక్క లైను, మిగతాదంతా ఊరి ముచ్చట్లే" అని నవ్వారు. మా ఇంట్లో జొన్నరొట్టె తిని, రెండు నిమిషాలు ప్రార్థన చేసి వెళ్లారు. అప్పు ఎంతో అడగలేదు. మరుసటి గురువారం మళ్లీ వచ్చారు. వానలు పడేదాకా వస్తూనే ఉన్నారు.

హెబ్రీయులకు 10:25లో మన తెలుగు బైబిలు "ఒకనినొకడు హెచ్చరించుచు" అంటుంది. హెచ్చరిక అనగానే మనకు వేలు చూపించి మాట్లాడటమే గుర్తొస్తుంది. కానీ 1 థెస్సలొనీకయులకు 5:11లో "ఆదరించి" అని ఉన్నచోట కూడా గ్రీకులో అదే క్రియ, పరకలెయో. ఓదార్చడం, ధైర్యం చెప్పడం, బతిమాలడం, బుద్ధి చెప్పడం అన్నీ అందులోనే ఉన్నాయి. మనవాళ్లు చివరిదొక్కటే పట్టుకున్నారు! యెరూషలేములో శిష్యులంతా, అంతకుముందు విశ్వాసుల్ని హింసించిన సౌలుకు (తర్వాత పౌలు అయ్యాడు) భయపడి దూరంగా ఉంటే, బర్నబా ఆయన్ని వెంటబెట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు కదా, అది కూడా ఈ పనే.

ఇంట్లో చేసే ప్రార్థన దేవుడు వింటాడు, సందేహమే లేదు. నా విషయంలో మాత్రం ఆ ఒంటరి ప్రార్థన మెల్లగా ఫిర్యాదుగా మారి, తర్వాత పూర్తిగా ఆగిపోయింది. మీరు సంఘమంతటికీ చెప్పుకోనక్కర్లేదు. వినే మనిషి ఒక్కరిని చూసుకోండి. "అన్నా, సలహా వద్దు, కాసేపు కూర్చో" అని ముందే చెప్పేయండి. చాలామంది ఏం మాట్లాడాలో తెలియకే సలహాలిస్తారు.

ఆ పెద్దాయనకు ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, బండి తీయలేరు. గురువారాలు నేనే వెళ్తున్నా. వినికిడి తగ్గింది కాబట్టి వాక్యం గట్టిగా చదవాలి. నేనింకా చెప్పులు విప్పకముందే లోపలి నుంచి అడుగుతారు, "బోర్ల నీళ్లెట్లున్నయ్ తమ్మీ?"