చీర పోయిందని జీతం కోయవచ్చా?

సందేహం: నెల్లూరులో ఒక బట్టల షాపులో నాలుగేళ్లుగా సేల్స్‌గర్ల్‌గా చేస్తున్నాను. జీతం తొమ్మిది వేలు, చేతికే ఇస్తారు. మా సెక్షన్‌లో ఒక చీర కనబడలేదని పోయిన నెల ఐదు వేలు కోసుకున్నారు. ఇదేమని అడిగితే పనిలోకి రావద్దన్నారు. ఈ నెల చేసిన రోజుల జీతమూ ఇవ్వలేదు. గట్టిగా అడిగితే దొంగతనం కేసు పెడతామంటున్నారు. అపాయింట్‌మెంట్ లెటర్ లేదు. నేనేం చేయాలి?
– ఒక సోదరి, నెల్లూరు

జవాబు: అమ్మా, లెటర్ లేనంత మాత్రాన మీ హక్కు పోదు. వేతనాల కోడ్, 2019 అనే చట్టం 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పనిలోంచి తీసేస్తే రెండు పనిదినాల్లోగా జీతం మొత్తం ఇచ్చేయాలి.

ఇక చీర సంగతి. సరుకు పోయిందని జీతం కోయాలంటే, దాన్ని ప్రత్యేకంగా మీకు అప్పగించి ఉండాలి, అది మీ నిర్లక్ష్యం వల్లే పోయి ఉండాలి, కోసే ముందు మీ వివరణ అడగాలి. అప్పుడు కూడా అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటకూడదు. మీకు సగం కన్నా ఎక్కువే కోశారు. పొద్దుటి నుంచి నిలబడి, విప్పిన చీరలన్నీ మళ్లీ మడతపెట్టే మనిషి మీద, పదిమంది చేతులు మారే సరుకు భారం వేయడం అన్యాయం.

లేబర్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. మూడేళ్ల లోపు ఎప్పుడైనా క్లెయిము వేయవచ్చు. జీతం ఇచ్చామని రుజువు చేసుకోవాల్సింది యజమానే. అయితే అక్కడ పనిచేశారని మీరు చూపించాలి. షాపు వాట్సాప్ గ్రూపు, సెలవు అడిగిన మెసేజీలు, యూనిఫాంలో దిగిన ఫొటోలు, ఐడీ కార్డు పనికొస్తాయి. ఫోన్‌లోంచి ఏదీ తీసేయకండి. షాపు పనికి ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం ఎంతో కూడా అక్కడే అడగండి. మీకిచ్చింది తక్కువైతే ఆ తేడా కూడా కోరవచ్చు.

కేసు బెదిరింపుకి లొంగవద్దు. అసాధారణ పరిస్థితుల్లో, మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతితో, మహిళా పోలీసు అధికారి ద్వారా తప్ప, సూర్యాస్తమయం తర్వాత స్త్రీని అరెస్టు చేయకూడదు. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

షాపువాళ్లు రాజీకి పిలిస్తే తెలిసినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి. డబ్బు చేతికి రాకుండా ‘నాకు రావాల్సిందంతా ముట్టింది’ అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.