వైజాగ్ ఇంట్లో శరత్కాలపు అలంకరణ: తేమకీ ఉప్పుగాలికీ ఏది నిలుస్తుంది?

మీ ప్రశ్నలో ఉన్నది ఇదీ: ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు, సముద్రం వైపు బాల్కనీ. దసరా నవరాత్రుల మొదటి రోజు నుంచి కార్తీక పౌర్ణమి దాకా ఇల్లు ఫొటోల్లో చూసిన విదేశీ ‘ఆటమ్’ (శరత్తు) పద్ధతిలో, నారింజ ఆకులూ గుమ్మడికాయలూ ఎండుగడ్డి చుట్టలూ పెట్టి అలంకరించాలని మీకు ఉంది. గుమ్మానికి మామిడాకులు చాలు, ఎండినవి ఇంట్లో పెడితే అరిష్టం అంటున్నారు మీ అత్తగారు. ఏదైనా దండగే అంటున్నారు మీవారు. ఎవరి మాట వినాలి?

ఎవరి మాట నెగ్గినా ఆ సామాను 45 రోజులు ఇక్కడి తేమలో బతకాలి. అందుకని ముందు అది చూద్దాం, తగవు సంగతి తర్వాత.

మన శరత్తులో ఆకు రాలదు. విశాఖలో ఎక్కువ వాన పడే నెలల్లో అక్టోబరు ఒకటి. కైలాసగిరి, సింహాచలం కొండలు అప్పుడు నిండు పచ్చగా ఉంటాయి. ఆకులు రాలే కాలం మనకి శిశిరం. ఎర్రాకులు శరత్తుకి గుర్తయ్యేది చలి ముందే ముంచుకొచ్చే దేశాల్లో. అయితే ఆ రంగులు మనకి లేవని కాదు, ఉండే చోటు వేరు. నారింజ, పసుపు బంతిలో ఉన్నాయి, కాషాయం పారిజాతం కాడలో ఉంది, గడ్డి కావాలంటే రెల్లు ఉంది. బయటి నుంచి తెప్పించుకోవలసింది నిజానికి చాలా తక్కువ.

గుమ్మంతో మొదలుపెడదాం. 3 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న ద్వారబంధానికి రెండు పక్కలా బంతి దండలు, పైన కొంచెం వంపుతో ఇంకొకటి వేస్తే మొత్తం 18 అడుగులు పడుతుంది. మధ్యరకం బంతి కిలోకి 12, 13 అడుగుల దండ వస్తుంది, కాబట్టి కిలోన్నర కొనండి. పూర్ణా మార్కెట్‌లో దసరా ముందు రెండు రోజులు ధర బాగా ఎక్కుతుంది; పువ్వు పొడిగా ఉంటే మూడు రోజుల ముందు తెచ్చినా ఏమీ కాదు. చూడవలసింది ఆ పొడితనమే. నీళ్లు చల్లి అమ్మే పువ్వు చూడ్డానికి తాజాగా ఉంటుంది గానీ, గుచ్చిన మర్నాటికి దండ లోపలి వైపు గోధుమరంగుకి తిరిగి వాసనేస్తుంది. తొడిమ దగ్గర నొక్కితే తడి తగిలిందంటే వద్దనండి. ఇంటికి తెచ్చాక సంచిలో ఉంచకుండా పేపరు మీద పరిచి ఫ్యాను కింద రెండు గంటలు ఆరబెట్టాలి. గుచ్చేటప్పుడు పువ్వుకీ పువ్వుకీ మధ్య కాస్త సందు వదలాలి. అందం కోసం బిగించి గుచ్చిన దండకి గాలి ఆడదు, ముందు కుళ్లేది అదే.

మామిడాకులు లేతవి వద్దు, సాయంత్రానికే ముడుచుకుపోతాయి. ముదురు పచ్చ రంగుకి తిరిగిన ఆకులు, 6 నుంచి 8 అంగుళాలవి, 20 సరిపోతాయి. గంటసేపు నీళ్లలో ముంచి తుడిచి, తొడిమ వైపు మూడో వంతు తాడు మీదుగా వెనక్కి మడిచి, కొబ్బరి ఈనె ముక్కతో కుట్టండి. స్టేప్లర్ పిన్ను మన గాలికి వారంలో తుప్పు పట్టి, తలుపు మీద ఎర్రటి చార దింపుతుంది. తాడు పురికొస అయితే తడిసి ఆరేసరికి వదులై తోరణం మధ్యలో వేలాడుతుంది. నైలాన్ దారం వాడండి. అరటి పిలకలు కూడా కట్టదలచుకుంటే ఊరికే గోడకి ఆనించకండి, తడి ఇసుక నింపిన బకెట్లలో నిలబెట్టండి. ఒకటి రెండు రోజులు ఎక్కువ ఉంటాయి.

రెల్లు గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మీరు చూసిన ఫొటోల్లోని ఎండుగడ్డికి మన దగ్గర ఉన్న జవాబు అదే, పైగా డబ్బు పెట్టనక్కర్లేదు. భీమిలి, ఆనందపురం వైపు వాగుల ఒడ్డునా ఖాళీ లేఅవుట్లలోనూ ఈ కాలంలోనే తెల్లగా పూస్తుంది. పూర్తిగా విచ్చుకుని దూదిలా అయిన వెన్ను కోయకూడదు; ఇంటికి చేరేలోపే సగం రాలిపోతుంది. పొత్తి నుంచి అప్పుడే బయటపడి, వెండిరంగులో నిగనిగలాడుతూ ఇంకా దగ్గరగా ఉన్నది కోయండి. ఆకు అంచు చెయ్యి కోసేస్తుంది, చేతికి గ్లవుసులు, ఒంటికి నిండు చేతుల చొక్కా ఉండాలి. పొదల్లోకి దిగేముందు కర్రతో చప్పుడు చేయండి, పాములుండే చోట్లవి. తెచ్చాక ఆకులన్నీ దూసేసి, పదేసి వెన్నులు ఒక కట్టగా కట్టి, ఎండ పడని, గాలి ఆడే గదిలో తలకిందులుగా 10 నుంచి 14 రోజులు వేలాడదీయాలి. నిలబెట్టి ఆరబెడితే మెడ వంగిపోయి అలాగే బిగుస్తుంది. ఆరాక అడుగు దూరం నుంచి హెయిర్ స్ప్రే పలచగా రెండు సార్లు కొడితే నూగు రాలడం బాగా తగ్గుతుంది. తర్వాత నీళ్లు లేని పొడవాటి కూజాలో పెట్టండి; అడుగున రెండు గుప్పిళ్ల ఇసుక వేస్తే కూజా ఒరగదు. వాన ముసురు పట్టినప్పుడు వెన్నులు వాలిపోతే గంటసేపు ఎండలో పెట్టండి, లేస్తాయి. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే మాత్రం ఇది మానేయండి. ఇంకొక మాట: దేవుడి గదికీ దీపాలకీ దగ్గర పెట్టవద్దు. ఎండిన రెల్లు నిప్పు సోకిందంటే భగ్గుమంటుంది.

వరి కంకుల కుచ్చు కూడా చాలామంది అడుగుతున్నారు. మన వైపు ఖరీఫ్ కోతలు నవంబరు, డిసెంబరుల్లో. దసరాకి ‘కొత్త వరి’ అని ఎవరైనా అమ్మితే అది పాతదే, పురుగు కూడా దానితోనే వస్తుంది. కార్తీకం చివర్లో కొనుక్కుని బాల్కనీలో కట్టండి, పిచ్చుకలకి పనికొస్తుంది.

గుమ్మడికాయకి వద్దాం. తియ్యగుమ్మడిని చెక్కి లోపల దీపం పెట్టడం మన వేడికీ తేమకీ కుదరదు. కోసిన కండకి రెండో రోజుకే బూజు, చీమలు, చిన్న ఈగలు. కోయకుండా పెట్టుకుంటే నెల పైన ఉంటుంది, కాకపోతే కొన్ని జాగ్రత్తలు. తొడిమ కనీసం 2 అంగుళాలు ఉన్న కాయ తీసుకోండి. తొడిమ ఊడిన చోటి నుంచే కుళ్లు మొదలవుతుంది. గోరు గుచ్చుకోనంత గట్టి తొక్క ఉండాలి. కొంచెం వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి, బాగా ఆరబెట్టి, గచ్చు మీద కాకుండా కొబ్బరి తాడు చుట్టకుదురు మీద కూర్చోబెట్టండి. గచ్చుకి ఆనిన అడుగుభాగంలో చెమ్మ చేరి, పైకి ఏమీ కనిపించకుండానే మెత్తబడుతుంది. వారానికోసారి ఎత్తి చూడాలి. రంగు వేసిన కాయని వండకండి.

బూడిద గుమ్మడికాయ వేరే లెక్క. పైనున్న ఆ బూడిదే దాని కవచం, ఒకరకం మైనం. నిగనిగలాడాలని తుడిచారంటే నెలలు ఉండవలసిన కాయ వారాల్లో పోతుంది. పసుపు కుంకుమ పెట్టాలంటే పెట్టేంత మేర తడిపితే చాలు. 3, 4 కిలోల బరువు కాబట్టి ఉట్టి కొక్కెం శ్లాబులో బిగించాలి. పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) సీలింగుకి తగిలిస్తే ఎవరి నెత్తిమీద పడుతుందో చెప్పలేం. అడుగున నొక్కితే మెత్తగా తగిలిన రోజే దింపేయండి. కారడం మొదలయ్యాక దింపాలంటే ఇల్లంతా కంపు.

ఇక మీ నారింజ ఆకుల దండలు, తలుపుకి తగిలించే చుట్టలు. అవి గుడ్డవి, లేదా ప్లాస్టిక్‌వి. కాడల్లో ఇనుప తీగ ఉంటుంది, చుట్ట చట్రం కూడా చాలావరకు ఇనుమే. సముద్రం వైపు బాల్కనీలో కట్టారంటే పండగ అయ్యేలోపే తుప్పు, ఎండకి రంగు వెలవడం, రెండూ. హాల్లో, కిటికీకి ఎదురుగా లేని గోడకి కట్టుకోండి, నిక్షేపంగా ఉంటాయి. వారానికోసారి దులిపి, పండగలయ్యాక మూత గట్టిగా పడే డబ్బాలో, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో దాస్తే పై ఏడాదికీ వస్తాయి. అట్టపెట్టెలో దాస్తే బూజు వాసన పట్టేస్తుంది. ఆ దండల్లోని మేపుల్ ఆకు మన ఊళ్లో పుట్టలేదని ఆక్షేపించేవాళ్లున్నారు. డిసెంబరులో ఊరంతా వేలాడే కాగితపు నక్షత్రాలని ఎవరూ ఏమీ అనరు, దీనికి మాత్రం ఎందుకో అంత పట్టింపు. నచ్చితే పెట్టుకోండి. దండగ అన్న మీవారి మాట ఏటా కొని ఏటా పారేస్తేనే నిజమవుతుంది.

కొక్కేలు, తీగలు స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో కొనండి. జింకు పూత తీగ కూడా ఇక్కడ ఎక్కువ కాలం ఆగదు. అంటించే కొక్కేలు టైల్స్ మీదా ఆయిల్ పెయింటు మీదా బాగా పట్టుకుంటాయి. డిస్టెంపర్ గోడ అయితే పెయింటు పొరతో సహా ఊడొస్తాయి. అంటించేముందు స్పిరిటుతో తుడిచి, అర నిమిషం గట్టిగా నొక్కి, గంట ఆగాక బరువు తగిలించాలి. చాలామంది ఆ గంట ఆగరు.

సీరియల్ లైట్లు బాల్కనీకైతే ఐపీ 65 (దుమ్మూ, చిమ్మే నీళ్లూ లోపలికి పోవని గుర్తు) అని రాసి ఉన్నవి, తక్కువ వోల్టేజీ అడాప్టరుతో వచ్చేవి తీసుకోండి. అడాప్టరు గదిలోపలే ఉండాలి. బయట అతుకుల మీద ఉప్పు తేమ పేరుకుంటే కరెంటు లీకై ఆర్‌సీసీబీ (లీకైతే కరెంటు ఆపేసే రక్షణ స్విచ్చి) పడిపోతుంది. అది పడుతున్నదంటే తన పని తాను చేస్తున్నట్టు. దాన్ని దాటవేసి కలపమని ఎలక్ట్రీషియన్‌ని అడగకండి. తీగ లోపలికి వచ్చే చోట కిటికీ కంటే కిందికి ఒక వంపు వదిలితే వాననీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

దీపావళికీ కార్తీకానికీ కొత్త ప్రమిదల్ని ముందురోజు ఐదారు గంటలు నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి, నూనె తక్కువ పీలుస్తాయి. కింద అరటాకు ముక్క గానీ చిన్న పళ్లెం గానీ పెట్టకపోతే గ్రానైటు మీద పడ్డ నూనె మరక పోదు. మీ బాల్కనీలో సాయంత్రపు గాలికి ఉత్త ప్రమిద నిలవదు. మందపాటి గాజు గ్లాసులో రెండు అంగుళాల ఇసుక పోసి, దాని మీద చిన్న ప్రమిద దించితే వెలుగుతూ ఉంటుంది.

బొమ్మల కొలువు పెట్టాలా అనీ అడిగారు. కోస్తాలో చాలా ఇళ్లలో అది సంక్రాంతికి. దసరాకి పెట్టే ఇళ్లూ ఉన్నాయి. ఇంటి ఆనవాయితీ ఏదైతే అదే, దీనిలో మాత్రం అత్తగారి మాటే చివరిది. కొలువు లేకపోయినా ఒక అరలో నాలుగు ఏటికొప్పాక బొమ్మలు పెడితే మీరు కోరిన రంగులన్నీ వచ్చేస్తాయి. అంకుడు కర్ర మీద లక్క పూత అది. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొడిబట్టతోనే తుడవాలి. శానిటైజరు, స్పిరిటు తగిలితే లక్క కరిగి మచ్చలు పడతాయి. దీపం సెగకి మెత్తబడుతుంది, దూరంగా పెట్టండి.

తుఫాను సంగతి అలంకరణ గురించి రాసేవాళ్లెవరూ చెప్పరు గానీ ఈ ఊళ్లో అది లేకుండా కుదరదు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, సరిగ్గా దసరాకీ దీపావళికీ మధ్య. తిత్లీ 2018 అక్టోబరు 11న, శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర. కాబట్టి బాల్కనీలో కట్టే ప్రతిదీ అరగంటలో విప్పగలిగేలా ఉండాలి: మేకులు కాదు, కొక్కేలు, ముడులు కాదు, జారుముళ్లు. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే పిట్టగోడ మీది కుండీలు ముందు దించండి, తర్వాత వేలాడే దీపాలు, గాజు సామాను, చివరికి లైట్లు. గుమ్మం తోరణం లోపలి వరండాలో ఉంటే వదిలేయొచ్చు.

తగవు సంగతి. గుమ్మం, దేవుడి గది అత్తగారికి వదిలేయండి: అక్కడ పచ్చి ఆకు, తాజా పువ్వు మాత్రమే. హాలు, బాల్కనీ మీవి, రెల్లు కూజా అక్కడ. ఎండినది అరిష్టం అన్నప్పుడు వాదించకండి. పోయిన పండగ తోరణం ఎండిపోయి మళ్లీ పండగ దాకా గుమ్మానికే వేలాడడం మన ఇళ్లన్నిట్లో ఉన్నదే, ఆ సంగతి వాళ్లకీ తెలుసు. తలుపు బయట కారిడార్లో ఏదైనా పెట్టాలంటే అసోసియేషన్‌ని ముందే అడగండి. టైల్స్ మీద ముగ్గుపిండి తడిస్తే జారుతుంది, పెద్దవాళ్లు నడిచే దారిలో వేయవద్దు.

వాడిన దండల్ని కవరుతో సహా ఆర్కే బీచ్‌లో కలపకండి. నైలాన్ దారం లాగేసి పువ్వులు కుండీల్లో వేస్తే ఎరువవుతాయి. నాలుగు బంతి తలలు ఎండబెట్టి దాచుకుంటే విత్తనానికీ సరిపోతాయి. రంగు వేయని తియ్యగుమ్మడిని మెత్తబడక ముందే కోసి దప్పళంలో వేసేయండి.